చెరో పిడి

కోడలు పోయిన మూడేళ్లకి మా అబ్బాయి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మా మనవరాలు ఆ కొత్తావిడని ఇంకా ఏ వరసా పెట్టి పిలవడం లేదు. ఇవాళ ఇద్దరూ తడి దుప్పట్లు కుక్కిన సంచిని చెరో పిడి పట్టుకుని డాబా మెట్లెక్కుతుంటే, కింద మెట్టు మీద కూర్చున్న నా చెవిన పడ్డ మాటలివి.

"అబ్బా, చెయ్యి ఊడొస్తోంది! ఇద్దరం మోస్తున్నాం, బరువు సగమవ్వాలి కదమ్మా?"

"అవదండీ. మొన్న పరీక్షలో నేనూ అలాగే మూడూ నాలుగూ ఏడని రాసొచ్చాను, కొట్టేశారు. వెక్టర్లని కూడాలంటే ఎంత లాగుతున్నామో ఒక్కటే కాదు, ఎటు లాగుతున్నామో కూడా చూడాలి."

"పైకే కదా లాగుతున్నాం!"

"కాదండీ. మీరు అటు ఏటవాలుగా, నేను ఇటు ఏటవాలుగా లాగుతున్నాం. పక్కకి లాగిందంతా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. సంచిని మోసేది పైకి లాగిన కాస్తే."

"అయితే పక్కకి పడ్డ కష్టమంతా దండగేనా?"

"దండగే. ఎంత దూరంగా నడిస్తే అంత బరువు."

"మరేం చెయ్యాలి?"

"దగ్గరికి జరగాలి."

"ఎవరు?"

"ఎవరైనా... ఒకటే."

"నేను వచ్చిన రోజు నుంచీ జరుగుతూనే ఉన్నానమ్మా. నేను జరిగినకొద్దీ నువ్వు గోడకి అతుక్కుపోతున్నావు. చూడు, సున్నమంతా నీ భుజానికే ఉంది."

గోడ వైపు నుంచి ఒక అడుగు ఇటు జరిగిన చప్పుడైంది.

"ఇప్పుడెలా ఉంది?"

"హమ్మయ్య, తేలికైంది. నీకో?"

"నాకూనూ. కానీ కాస్త ఆగు పిన్నీ, నా కాలు తొక్కేస్తున్నావు!"