ఓదెలు ఎక్కిన బండి, నేను గీకిన సిలిండర్

"తాతా, ఓదెలు తాత రేసుల ఎక్కిన బండికి ఇంజన్ నువ్వే కట్టినవట గదా. ఎట్ల కట్టినవో చెప్పరాదు. ఫోన్ల రికార్డు పెడుతున్న."

పెట్టు బిడ్డా, పెట్టు. నడుమల ఆపకు గానీ, ముచ్చట ఒక్కసారి తెగితే నాకు మల్ల అతకదు. నీ బండి సిలిండర్ గూడ తెచ్చినవా? మంచిగైంది. గా బల్ల మీద పెట్టు. కింద పేపరెయ్యి, లేకుంటే మీ అమ్మమ్మ మనిద్దర్ని బయటికి తోల్తది.

నేను గప్పుడు నస్పూర్ల, బొగ్గుబాయి వర్క్‌షాపుల ఫిట్టర్ని. బండి రెండు స్ట్రోకులది, పాతది. మంచిర్యాల స్టేషన్ దిక్కు ఒకాయన కాడ కొన్న. పద్దెనిమిది వందలకు... కాదు కాదు, పదహారు వందలకు. పద్దెనిమిది వందలు మీ అమ్మ కమ్మలకైనయి. పెట్రోలు లీటరు పది రూపాలు గూడ లేకుండె.

వారమంతా దాని మీదనే డ్యూటీకి పోవాలె. ఆదివారం లక్సెట్టిపేట దిక్కు గోదారి ఒడ్డున పోరగాండ్లు రేసులు పెట్టుకుంటుండ్రి, ఆడ గూడ గదే బండి ఉరకాలె. నడిపేది మా బామ్మర్ది ఓదెలు, మీ అమ్మమ్మ తమ్ముడు. నాకు ఇంజన్ కట్టుడొస్తది గానీ గంత జోరు నడపరాదు. వానికి నడుపుడొస్తది, పానా పట్టరాదు. ఇద్దరం కలిస్తే ఒక్క మనిషి అన్నట్టు.

గీ ఇంజన్లకు నీళ్లుండయి, గాలే సల్లబెట్టాలె. సిలిండర్ చుట్టు గా పల్చటి రేకులున్నయి సూడు, ఫిన్నులు, వాటి నడుమకెళ్లి గాలి పోవాలె. మా కాడ బొగ్గు దుబ్బ, దానికి నూనె అంటుకొని అట్ట కడుతుండె. శనివారం శనివారం గ్యాస్‌నూనె, గదే కిరోసిన్, పోసి బట్టల బ్రష్షుతోని రుద్దుతుంటి. మీ అమ్మమ్మ "నా చీర ఒక్కనాడన్న గిట్ల ఉతికినవా" అంటుండె. ఉతకలే, నిజమే.

సిలిండర్ మీది మూత, హెడ్డు, జోరు పెరగాలని లేతు మిషను మీద జర చెక్కించిన. ఇగ అసలు పని పోర్టులు. సిలిండర్ లోపట గీ కంతలు, గీటికెళ్లే పెట్రోలు గాలి లోపటికొస్తది, పొగ బయటికి పోతది. వీటిని పెద్దగ చేస్తే ఇంజన్ ఊపిరి ఎక్కువ పీలుస్తది. డ్యూటీ దిగంగనే కూసొని పదిహేనొద్దులు సన్న ఆకురాయితోని గీకిన. వేలు పెట్టి సూసిన. నున్నగున్నది. ఫిట్టర్ వేలు గదా, నాకు దాని మీద బగ్గ నమ్మకం.

ఆదివారం రెండు చుట్లు ఓదెలే ముంగట. ఆదిలాబాదు నుంచి వచ్చిన పోరగాండ్లు నోర్లు తెర్సిండ్రు. మూడో చుట్టుల, సీదా తొవ్వ మీద, ఇంజన్ టక్కున పట్టేసింది. ఎనుక టైరు తిరుగుడు బందైంది. ఓదెలు ఎగిరి పడ్డడు. కుడి రెక్క ఇరిగింది.

దవఖానల మంచం మీద పన్నోన్ని నేను ఏమన్ననో ఎర్కనా? "పెట్రోల్ల నూనె తక్కువ కలిపినవ్ గదరా" అన్న. రెండు స్ట్రోకుల బండికి పెట్రోల్ల నూనె కలపకుంటే సిలిండర్ల కిందిమీదికి ఉరికే పిస్టన్ పట్టేస్తది. గా పొద్దు కలిపింది వాడే. "సరిగ్గనే కలిపిన బావా" అన్నడు. "మరి ఎందుకు పట్టేసిందిరా, నీ మొకం" అన్న.

గంతటితోని ఆగిన్నా? బాయి గేటు ముంగట చాయ్ హోటల్ల నెల రోజులు గదే పాట. మా బామ్మర్దికి నడుపుడే వచ్చు, నూనె కొలుసుడు రాదని. వాడు సిరిసిల్లకు, వాళ్ల అవ్వ కాడికి పోయిండు. ఇగ బండి ముట్టనన్నడట. కొన్నొద్దులకు వాడు గూడ నమ్మిండు బిడ్డా, తక్కువ కలిపిననేమో అని. గది ఇప్పటికీ నాకు... సరే, కానీ.

గా నెలలనే ఇంజన్ ఇప్పిన. పిస్టన్ చుట్టు ఉండే రింగు మూడు ముక్కలైంది. నూనె లేక పట్టేస్తే పిస్టన్ నిండ గీతలు పడాలె. పడలే. నూనెతోని తడిగనే ఉన్నది. సూసిన, గీ రెండు కండ్లతోని సూసిన. సూసి గూడ నోటికి నూనె పాటే. తప్పు ఎవని మీదన్న పడనీ, నా మీద పడొద్దు.

సిలిండర్ కడిగి అరుగు మీద ఎండకు పెట్టిన. మీ అమ్మమ్మ దాని పక్కకు కూసుంది. ఆమె పెండ్లికి ముందుగాల సిరిసిల్లల సాంచలు నడిపింది, కరెంటు మగ్గాలు. దాండ్ల నూలు మోసుకుంట అటిటు ఉరికే కట్టె ఉంటది, నాడె అంటరు. కొత్త నాడె ఎక్కించే ముందు ఆమె దాని పొడుగునా ఒక నూలు పోగు గుంజేది. యాడన్న సన్న పేడు లేసి ఉంటే పోగు ఆడ తట్టుకుంటది. వేలికి తెల్వదు, పోగుకు తెలుస్తది. మా ఇంట్ల గూడ సాంచలే. మా బాపు నేర్పుతనంటే నేనే నేర్సుకోలే. చప్పుడు పడదని బాయిల చేరిన, బాయిల చప్పుడు లేనట్టు.

ఆమె వేళ్లు సన్నగుంటయి. లోపట పెట్టి కంత అంచు మీదికెళ్లి పోగు గుంజింది. తట్టుకుంది. ఇంకో కంత కాడ గుంజింది. ఆడ గూడ తట్టుకుంది. నేను ఆకురాయి పెట్టని కంత ఒకటుండె, దాని కాడ సర్రున పోయింది.

"గివి నువ్వు గీకినయే గదా?"

"ఇంజన్ల ముచ్చట నీకేం ఎర్కనే."

"ఎర్క లేదు. ఉరికేదాని తొవ్వల ముల్లుంటే తట్టుకుంటదని మాత్రం ఎర్క. నా తమ్ముడు నూనె కలుపుడు మర్సిండంటివి. గీ పోగు ఏం మర్సింది?"

కోపమొచ్చి బయటికి పోయిన. మూడో నాడు సిరిసిల్ల బస్సెక్కిన.

ఓదెలు చెయ్యి మెడకు కట్టుకొని కూసున్నడు. "తప్పు నాదేరా. కంతల అంచులు గుండ్రంగ మలపలే, ఉరికే రింగు ఆడ తట్టుకొని ఇరిగింది" అన్న. వాడు "నాకు చెప్పుడెందుకు బావా. హోటల్ల అన్నవ్, హోటల్లనే చెప్పు" అన్నడు.

చెప్పిన. మొదటి షిఫ్టు దిగే యాళ్ల, హోటల్ నిండ జనం. లేసి నిలబడి చెప్పిన. "మరి తప్పెవరు పట్టిండ్రు ఫిట్టరూ?" అని ఒకడు. "నా పెండ్లం, ఒక్క నూలు పోగుతోని" అన్న. మస్తు నవ్విండ్రు. అప్పట్నుంచి నా పేరే మర్సిండ్రు, పోగు ఫిట్టర్ అని పిలుసుడు. పిలువనీ.

ఇంకో సిలిండర్ తెచ్చి, గీకి, పుల్లకు ఎమరీ కాగితం సుట్టి ఒక్కొక్క అంచు గుండ్రంగ రుద్దిన. ఆమె పోగు గుంజుడు, "ఇంకా ఉన్నది" అనుడు. ఆమె "ఊఁ" అనేదాక రింగు ఎక్కియ్యలే. రెక్క కుదిరినంక ఓదెలు మల్ల ఎక్కిండు. రెండో నంబరొచ్చిండు. ముందొచ్చిన కరీంనగరోనిది కొత్త బండి, గది లెక్కల పట్టకు. ఇంజన్ ఎవరు కట్టిండ్రని అడిగితే, "కట్టింది మా బావ, పాసు చేసింది మా అక్క" అన్నడు.

నాలుగేండ్లు ఉరికింది గా ఇంజన్. రింగు మల్ల ఇరగలే. గా పొద్దు ఆమె ఊకుంటే నేను గట్లనే ఇంకోటి గీకి గా పోరన్ని మల్ల ఎక్కిస్తుంటి, నా సంగతి నాకెర్క. రెండోసారి ఒక్క రెక్కతోని ఆగకపోవు, పానమే పోతుండె. ఇయ్యాల వాడు మనవరాండ్లను బడికి తోల్కపోతుండు. గది తలుసుకుంటే ఆమెకు దండం పెట్టబుద్ధైతది. పెడుత గూడ, ఆమె అటు తిరిగినప్పుడు.

ఒక్క మాట నీకు చెప్పలే. మీ అమ్మమ్మకు గూడ చెప్పలే ఇన్నేండ్లు. గా పొద్దు ఓదెలు పడ్డప్పుడు నేను ముందుగాల ఉరికింది బండి కాడికి. వాని కాడికి కాదు. వాడు కింద పడి సూస్తనే ఉన్నడు. సూసి గూడ ఎవ్వలకు చెప్పలే, వాళ్ల అక్కకు గూడ. వానికీ దండమే.

ఇగో, ఆమె వస్తుంది. ఫోను బందు చెయ్యకు, ఉండనీ, ఇననీ. నువ్వు కట్టు బిడ్డా, బగ్గ ఉరికే ఇంజన్ కట్టు, నీ చేతుల బర్కత్ ఉండాలె. దాని మీద ఎక్కినోళ్లు నిండు ఒంటితోని ఇంటికి రావాలె. ఎప్పుడన్న పడితే మటుకు, బిడ్డా, బండి ఏడికి పోదు, నువ్వు ముందుగాల మనిషి కాడికి...