మూరెడు యాంటెన్నా

(అడవి దారి మొదలయ్యే చోట, సున్నా కిలోమీటరు బోర్డు దగ్గర, పొద్దున ఎనిమిదింటికి టెస్సా, ఆమె మామగారు గార్నెట్. వెనక సీట్లో నిద్రపోతున్న ఎనిమిది నెలల పాప ఐవీ. కారు బానెట్ మీద, లారీల రేడియో మాటలు వినిపించే స్కానరు.)

“మూడు యాంటెన్నాలా? పాపకి పాలసీసాలెన్ని తెచ్చావ్?”

“రెండు, మామయ్యా.”

“చూశావా. బిడ్డ ఆకలికన్నా నీ భయం ఆకలే పెద్దది.”

“నవ్వండి, నవ్వండి. దుంగల లారీల మధ్య నలభై ఒక్క కిలోమీటర్లు పోవాల్సింది నేను. ఏ లారీ ఏ కిలోమీటరు దగ్గరుందో వాళ్ళు రేడియోలో చెప్పుకునేది నాకు అందాలి, అందుకు ఏది పెట్టుకోవాలో చెప్పండి చాలు. ముప్ఫయ్యేళ్ళు ఈ దారిలో లారీ తోలారుగా.”

“ముప్ఫై నాలుగు. వేడ్‌నే క్యాంపు నుంచి కిందికి రమ్మనొచ్చుగా.”

“వచ్చే నెల దాకా సెలవివ్వరట. పాపని చూసి ఐదు వారాలైంది. పాకడం కూడా చూడలేదు. మీ అబ్బాయి మిమ్మల్ని కూడా...”

“యాంటెన్నా సంగతి మాట్లాడు.”

“సరే. ఈ పొట్టిది స్కానరుతోపాటే వచ్చింది.”

“ఈ బొటనవేలా? దీనికి పక్కింటి మాటలు కూడా అందవు. పెట్టు, చూద్దాం.”

“గర్ర్... లోడు బండి, కిందికి, ఆరో కిలోమీటరు.”

“ఏదీ, ఒక్క ముక్కా రాలేదే.”

“ఆఁ... సరిగ్గా రాలేదు మామయ్యా.”

“తీసెయ్. ఆ నల్ల బిళ్ళేంటి?”

“అడుగున అయస్కాంతం. కారు పైకప్పుకి అంటుకుంటుందన్నాడు కొట్టతను.”

“నీ కారు పైకప్పంతా అద్దమే కదే తల్లీ.”

“అయ్యో. ఆ సంగతి తోచనేలేదు.”

“ఇంటికెళ్ళాక ఫ్రిజ్‌కి అంటించు. అక్కడ బానే ఉంటుంది.”

“ఇంక ఇదొక్కటే ఉంది. లాగితే సాగుతుంది. ఇంకా, ఇంకా...”

“ఆపు. చేపలు పట్టడానికి పోతున్నావా? ఈ దారి మాటలకి మూరెడు చాలు. ఆఁ, అక్కడ వదిలెయ్. ఇప్పుడు పెట్టు.”

“గర్ర్... లోడు బండి, కిందికి, రెండో కిలోమీటరు.”

“గర్ర్... ఖాళీ బండి, పైకి, పదకొండు.”

“గర్ర్... ఇరవై రెండు దగ్గర రోడ్డు చదును చేస్తున్నాం, నెమ్మదిగా రండి.”

“గర్ర్... లోడు బండి, కిందికి, ముప్ఫై ఏడు.”

“ఇదీ అంతే. ఉత్త గాలి.”

“అవును మామయ్యా. గాలే... మీరు కాస్త ఇటు రండి.”

“ఎందుకు?”

“ఊరికే. దారికి అడ్డంగా ఉన్నారని.”

“ఈ దారిలో నాకు చెబుతున్నావా? ముప్ఫై నాలుగేళ్ళు...”

“రండి మామయ్యా, మీ చెయ్యిటివ్వండి. రండంటున్నా.”

“ఓయబ్బ. ఎంత లోడు వేశాడు చూడు ఆ లారీవాడు. మొహాన దుమ్ము కొట్టి పోయాడు, హారనైనా కొట్టలేదు వెధవ.”

“కొట్టాడు, మామయ్యా.”

“కొట్టాడా?”

“రెండుసార్లు.”

“నా చెవుల సంగతేగా నువ్వనేది.”

“మామయ్యా, నేనేమీ అనలేదు.”

“అనక్కర్లేదు. ఎదురుగా ఉంటే నీ పెదాలు చూసి మాట పోల్చుకుంటున్నా, అంతే. నీ మొగుడు కిందటేడే అన్నాడు. నీకు చెవులు పోయాయి నాన్నా, లారీ తాళాలిచ్చెయ్ అని, పదిమంది ముందు. ఆ రోజునుంచీ వాడికీ నాకూ మాటల్లేవు.”

“అందుకే నేను చెప్పలేకపోయాను. మీరు నొచ్చుకుంటారని.”

“నొచ్చుకుంటే నొచ్చుకుంటా. చంటిదాన్ని వెంటేసుకుని ఈ దారి ఎక్కేదానివి, మొహమాటానికి విన్నదాన్ని వినలేదంటావా?”

“ఇంకెప్పుడూ అనను. ఐవీ లేచింది, ఏడుస్తోంది... ఉండమ్మా, ఉండు. మామయ్యా, ఒక్కమాట. నా స్కానరు వింటుందే గాని పలకదు. నేనొస్తున్నట్టు ఏ లారీకీ తెలీదు. అదుగో, మీరు తోలుకొచ్చిన పికప్పు బండిలో మాట్లాడే రేడియో ఉంది కదా.”

“ఉంది. నాకు తిరిగి వినపడితేగా.”

“మీరు ముందు వెళ్ళండి. రెండు బళ్ళు వస్తున్నాయని కిలోమీటరు కిలోమీటరుకీ చెప్పండి. నేను వెనకాల వింటుంటా. ఎదురుగా లోడు వస్తోందంటే లైట్లు కొడతా. అద్దంలో చూసి మీరు పక్కకి తియ్యండి, నేనూ తీస్తా.”

“వేడ్ క్యాంపుకా? నేనా?”

“దిగకపోయినా సరే. పాపని చూపించి వచ్చేద్దాం.”

“నలభై ఒక్క కిలోమీటర్లు పోయి దిగకపోతే ఈ మోకాళ్ళు ఇంక పనికిరావు.”

“అయితే దిగండి. పాప పాకడం మీ అబ్బాయికి మీరే చూపించండి.”

“ముందు నువ్వు కారెక్కు. ఆ కొండ మీది లోడు వాడు దిగుతూ ఉంటాడు.”

“ఏ లోడు వాడు? అది మీకెలా... సర్లెండి. ఇంతకీ ఏ యాంటెన్నా పెట్టుకోను? మీకు ఒక్కటీ వినపడలేదాయె.”

“మూరెడుది పెట్టుకో. పొట్టిది పెట్టినప్పుడు నీ కళ్ళు ఒక్కసారే దారి వైపు పోయాయి. దీనికి నాలుగుసార్లు పోయాయి. ఆఖరుసారి కొండ మీదిదాకా పోయాయి.”