ఏప్రిల్‌కి అమ్మాల్సిన ఇల్లు

ఫిబ్రవరి నెల. విస్కాన్సిన్‌లో సరస్సు ఒడ్డున ఒక చిన్న ఊరు. వంటింట్లో నిచ్చెన రెండో మెట్టు మీద నిలబడి గోడకి రంగు వేస్తున్నాడు లియో. కింద నిచ్చెన పట్టుకుని ఉంది భార్య బర్నీస్.

“నిజం చెప్పు లియో. పాతావా, లేదా?”

“పాతానన్నానుగా.”

“పాతితే, గరాజ్‌లో మంచు తీసే పార వెనక నిలబడి నన్ను చూస్తున్న సెయింట్ జోసెఫ్ ఎవరు? ఆయన తమ్ముడా?”

“నిచ్చెన కదపకు.”

“నేల గడ్డకట్టకముందే ఆ బొమ్మని పెరట్లో తలకిందులుగా పాతమన్నాను. ఇల్లు తొందరగా అమ్ముడుపోవాలని ఈ వీధిలో అమ్మినవాళ్లందరూ పాతారు. ఇప్పుడు గునపం వేసినా దిగదు.”

“మన ఇల్లు అమ్మిపెట్టడానికి అంత పెద్దాయన్ని మట్టిలో తలకిందులుగా కుక్కాలా? నాకు మనసొప్పలేదు.”

“క్రిస్మస్‌కి పశువుల పాక బొమ్మల్లో గాడిద పక్కన నిలబెట్టినప్పుడు ఒప్పిందా?”

“అది వేరు.”

“ఏం వేరు? ఏప్రిల్‌లో గడ్డి పచ్చబడ్డాక మొదలుపెడితే ఆలస్యమైపోతుంది, కొనేవాళ్లు వచ్చేసరికి అంతా సిద్ధంగా ఉండాలని ఏజెంట్ లొరెయిన్ మొత్తుకుంటోంది. నువ్వేమో క్రిస్మస్ అయినప్పటి నుంచి ఈ ఒక్క గోడకే రంగు వేస్తున్నావు.”

“ఇంకో పూత కావాలి.”

“ఇంకో పూత వేస్తే వంటిల్లు ఇరుకైపోతుంది!”

“కొనేవాళ్ల కోసం మన ఫొటోలు తీసెయ్యమంది, శిలువ తీసెయ్యమంది. రేపు మనల్ని కూడా అటకెక్కించమంటుంది ఆ లొరెయిన్.”

“పైన పడగ్గదికి మెట్లెక్కలేక సోఫాలో పడుకుంటున్నది నువ్వేగా?”

“వచ్చే ఏడు చూద్దాం.”

“పోయినేడూ ఇదే అన్నావు.”

“వచ్చే ఏడు అన్నానుగా!”

“అరవకు. దిగు. దిగి నా మొహం చూసి చెప్పు. డెనీస్ కోసమేనా?”

“రంగు కారుతోంది. ఆ గుడ్డ ఇటివ్వు.”

“కూతురి కోసమేనా అని అడుగుతున్నా.”

“వరండాలో దీపం ఎందుకు ఆర్పనివ్వనో నీకు తెలీదా? తాళం కూడా మార్చలేదు. దానికి తెలిసింది ఈ ఇల్లొక్కటే. అదొచ్చిన రోజు ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు తలుపు తీస్తే?”

“విడాకులైనవాణ్ణి చేసుకుంటానన్నందుకు ఆ తలుపు దగ్గరే కదా నువ్వు దాన్ని...”

“ఏమన్నానో నాకు తెలుసు. ప్రతి ఆదివారం చర్చిలో మోకరిల్లి దేవుడికి అదే చెప్పుకుంటున్నా. క్షమించాడో లేదో ఆయన చెప్పడు. అదొచ్చి చెప్తే చాలు నాకు. మెట్లు పాక్కుంటూ ఎక్కుతాను గానీ ఈ ఇల్లు అమ్మను.”

“లియో... అది వచ్చింది.”

“ఎవరు?”

“మొన్న అక్టోబర్‌లో, ఆకులు రాలేటప్పుడు. నువ్వు చర్చి విందులో వడ్డించడానికి వెళ్లావు. అది కారు పక్కనే నిలబడింది. ఎంత బతిమాలినా లోపలికి రాలేదు.”

“ఇన్నాళ్లూ నాతో ఒక్క మాట అనలేదా? బర్నీస్! ఇంకా నా మీద కోపమేనా దానికి?”

“కోపం కాదు. చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది. ఇవాళ ఆ ఒట్టు తప్పుతున్నా. ‘ఈ ఇంటి గుమ్మం జన్మలో తొక్కొద్దని నాన్న అన్నాడు, తొక్కను. మీరు వేరే ఏ ఇంటికి మారినా సరే, ఆ రోజే వస్తా’ అంది.”