బసవమ్మ తిట్లు, కోటేషు నల్లకోటు

ఏంటి భవ్యా, మొహం అలా పెట్టావ్? ఏంటీ, నల్లకోటు వెయ్యాలంటే నీ నడవడిక మంచిదని పెద్ద లాయరు సంతకం పెట్టాలా? పెడతాడ్లేవే, దానికంత కంగారా! ఇట్టా కూర్చో, బసవమ్మ సంగతి చెప్తా. నువ్వు చూళ్ళేదులే, నువ్వు పుట్టకముందే పోయింది. ఆవిడ నోరు... అబ్బో, ఈ వీధిలో తిడితే కాలవ అవతల కోళ్ళు లేచేవి. ఆవిడ మేనల్లుడు కోటేషు గుంటూరులో లా చదివాడు. చదివాడు గానీ, సంతకం పెట్టాల్సిన ఒంగోలు ప్లీడరుగారిది మహా చాదస్తం. "మనిషి ఎలాంటివాడో ఊళ్ళో అడక్కుండా నేను కలం తియ్యను" అని బస్సెక్కి మనూరే వచ్చేశాడు. తెల్లపంచె, గొడుగు. సరిగ్గా మేం కల్లంలో మిరపకాయలు ఎత్తుతుంటే వచ్చాడు. అడుగు పెట్టడం, తుమ్మడం.

"కోటేశ్వర్రావు ఎలాంటి మనిషండీ?" అన్నాడు. మరి ప్లీడరు పనికి ఏం కావాలో అదే వాడిలో ఉందని చెప్పాలి గదా! నేను ముందుకెళ్ళి, "అయ్యా, మావాడు అబద్ధం చెప్తే గోడ కట్టినట్టు ఉంటుందండీ" అన్నా. కాటా వేసే మొహిద్దీన్ బాషా ఊరుకుంటాడా? "తాలుకాయ చూపించి మేలురకమని ఒప్పిస్తాడు సార్, కొన్నవాడు దణ్ణం పెట్టి మరీ పోతాడు" అన్నాడు. నిజానికి వాడికా విద్యలు ఒక్కటీ రావు, ప్రేమకొద్దీ అన్నాం. ప్లీడరుగారు ఇంకోసారి తుమ్మి, కాయితం మడిచి సంచీలో పెట్టేశాడు. పక్కనే నిలబడ్డ కోటేషు మొహాన నెత్తురుచుక్క లేదు. చదివిన చదువంతా మా నోటి చలవన బుగ్గయిపోయింది.

అప్పుడొచ్చింది బసవమ్మ, చేట పట్టుకుని. "వీడు ప్లీడరా? వీడికి కోటిస్తే కొంపలు కూలతాయి! నా గేదె రాత్రంతా కట్టుకొయ్యకే ఉందని నేను పెద్దమనుషుల ముందు చెప్తుంటే, ఈ సచ్చినోడు, 'కాదత్తా, తెల్లారి ఈ బుల్లయ్య మామ పత్తిచేలోంచి తోలుకొచ్చింది నేనే గదా' అన్నాడు. సొంత అత్తనయ్యా నేను! ఆ ఒక్క మాట మింగరా అని ముందే బతిమాలా. మింగాడా?"

ప్లీడరుగారు ఆగాడు. "నిజమేనా?" అని నన్నడిగాడు. "నిజమేనండీ, మేసింది నా చేనే" అన్నా. కాయితం మళ్ళీ బయటికి తీసి, మిరప బస్తా మీద పెట్టి సంతకం కొట్టాడు. "వద్దని చెప్తుంటే పెడతావేందయ్యా!" అని బసవమ్మ చేట విసిరి కొట్టింది.

ఇక అదే ఏడుపు ఆవిడకి. గట్టు తగాదాకి కోర్టుకెళ్ళాల్సొస్తే మేనల్లుణ్ణి కాదని గుంటూరులో వేరే ప్లీడర్ని పెట్టుకుంది. "మనవాడికిస్తే నిజం చెప్పేస్తాడు" అంది. నవ్వకు, ఒట్టు. ఆఖర్న మంచాన పడ్డప్పుడు వీలునామా రాయించాలన్నారు. కొడుకులిద్దరూ చెరో ప్లీడర్ని తెచ్చి గుమ్మంలో నిలబెట్టారు. ఎవర్ని రమ్మంటావు వదినా అనడిగా. కళ్ళు కూడా తెరవలా. "కోటేషుని పిలు బుల్లయ్యా. నేను పోయాక కూడా నేను చెప్పిందే చెప్తాడు" అంది. నాకు ఏడుపొచ్చేసిందే అమ్మాయ్...

ఆ మంచినీళ్ళు ఇటందుకో.