సిద్దమ్మ కమ్మల మీది గుర్తు

ఎనబై వేలు. బీరలింగ చేతిలో ఉండిన దుడ్డు అంతే అనుకో. ఎవరిచ్చినారు? ఎవరూ ఇయ్యలేదు. గొర్లు కాసే పిల్లోడు, పొట్టేళ్ళను మేపి, సంతకు తోలి, తనే బేరమాడి కూడబెట్టినాడంట. లెక్కలు వాని నాలిక చివరనే ఉంటాయి. నువ్వు గొర్రె నడుము తడిమేలోపల వాడు మాంసమెంత, రేటెంత, మిగిలేదెంత చెప్పేస్తాడు. ఆ దుడ్డు ఎందుకంటే, సిద్దమ్మకు ఓలి కట్టాల. మా గొర్లోళ్ళలో పిల్లోడే పిల్లకు ఇచ్చుకోవాల కదా, అదీ ఓలి. సిద్దమ్మ మేనమామ ఎర్రిస్వామి పెద్దమనుషుల ముందర తెగేసి చెప్పినాడంట, "తులం బంగారు కమ్మలు. సోమవారానికి తెచ్చినావా, పిల్ల నీది. తేలేదా, ఇంకో సంబంధం వాకిట్లోనే ఉంది" అని.

సరే, బీరలింగ పేటలో ఒక బంగారు కొట్టుకు పోయినాడు. గ్రాము ఏడు వేలనుకో, మనకు లెక్క సులువుగా ఉంటుంది. తులానికి డెబ్బై వేలు. తరుగూ మజూరీ ఏడు వేలు. బిల్లు రాస్తే దాని మీద నూటికి మూడు పన్ను, అంటే రెండువేల మున్నూట పది. కొట్టాయన గొంతు తగ్గించి, "బిల్లు ఎందుకప్పా, కాగితం చెవికి పెట్టుకుంటుందా పిల్ల? ఆ దుడ్డు మిగిలించుకో" అన్నాడంట. మనవాని కళ్ళ ముందర రెండువేల మున్నూరు గొర్రెపిల్లై గంతులేసింది. అయినా తెలివైనోడు కదా, కమ్మ తిప్పి చూసినాడు. వెనక 916 అని గుర్తు ఉంది. నూటికి తొంబై ఒకటిన్నర పైన బంగారమని దాని అర్థం, ఇరవైరెండు క్యారట్లు. గుర్తు చూసినాడు, నమ్మినాడు. ఎందుకు నమ్మినాడంటే, మాలో ఒక్కో ఇంటికీ ఒక్కో చెవికోత. గొర్రె చెవి చూస్తే ఏ ఇంటి మందో తెలుస్తుంది. ఇంకొకరి కోత తన గొర్రెకు పెట్టినవాణ్ణి మాలో ఎవరూ గడప ఎక్కనియ్యరు. అట్ల పెరిగినోనికి, గుర్తు కూడా అబద్ధం చెప్తుందని ఎట్ల తోస్తుంది చెప్పు?

కమ్మలు తెచ్చి సిద్దమ్మకు చూపించినాడు. ఆ పిల్ల బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి పోయొస్తుంటుంది, నలుగురి మాట విన్నది. కమ్మను ఎండకు పట్టి, "బావా, సర్కారోళ్ళ మూడుమూలల గుర్తు యాడ? ఆరు అక్షరాల నంబరు యాడ?" అంది. "916 ఉంది కదా!" "అది ఎవడైనా కొట్టచ్చు. మీ గొర్రె చెవికి పశువుల డాక్టరు బిళ్ళ కొట్టడా, నంబరు కొడితే ఏ గొర్రెదో తెలిసేటట్ల? దీనికీ అట్లే ఉండాల. ఆ నంబరు ఫోన్లో కొడితే ఎవరు చేసినారు, ఎంత బంగారం, అన్నీ వస్తాయి. పోనీ, బిల్లేది?" మనవాడు బిల్లు మాట వదిలేసి, "గుర్తు దొంగగా ఎవరేస్తారే?" అన్నాడంట మెల్లగా. సిద్దమ్మ పకపకా నవ్వి, "ఆయప్ప గొర్లు కాసిందెప్పుడు బావా!" అంది. ఏమ్మా, కథ వింటా నీ కమ్మలు తడుముకుంటాండావే? తడుముకో తడుముకో, తప్పులేదు.

అప్పుడు బస్సెక్కి జిల్లా టౌనుకు, బంగారం పరీక్ష చేసే సెంటరుకు పోయినాడు. ఇన్నూరు కట్టించుకుని మిషన్లో పెట్టినారు. ఏమైందంటే, నూటికి డెబ్బై ఐదు! పద్దెనిమిది క్యారట్లు. మనవాడు అక్కడే నిలబడి లెక్క కట్టినాడు. రెండువేల మున్నూరు మిగిలించబోయి పన్నెండున్నర వేలకు పైనే పోగొట్టుకున్నాడు. ఊరికొచ్చి, "సిద్దీ, మీ మామకు తెలీదులే, ఇవే ఇచ్చేస్తే?" అని ఒక్క మాట అన్నాడంట. అనకుండా ఉంటే బాగుండు. "తక్కువ బంగారం ఇచ్చినా పెట్టుకుంటా బావా. దొంగ గుర్తు మాత్రం నా చెవికి వద్దు," అంది ఆ పిల్ల. ఇంక తిరుగులేదు. రేపు పోతే ఎల్లుండి సోమవారం.

తెల్లారి కొట్టుకు పోయినాడు. కొట్టాయన పరీక్ష చీటీ చూసి, "ఇది నా కొట్టులో కొన్నావని ఏం సాక్ష్యం? బిల్లు చూపించు" అన్నాడు. చూడు, ఎట్లాంటోడో! మనవాడు ఊరికి పోయినాడు. పోయి నేరుగా ఎర్రిస్వామి ముందరే నిలబడి, "మామా, మోసపోయినా" అని జరిగిందంతా చెప్పేసినాడంట. పెద్దాయన మీసం కింద ఏమనుకున్నాడో ఏమో, "దొంగ గుర్తా?" అన్నాడు. అంతే, కట్టె తీసుకుని లేచినాడు.

సాయంత్రానికి బజారులో చూడాల! బీరలింగ మంద, ఎర్రిస్వామి మంద, రెండూ కలిపి ఆ కొట్టు ముందర. మెట్ల మీద గొర్లు, చెప్పుల స్టాండులో గొర్లు, ఒక పొట్టేలు లోపలికి పోయి అద్దంలో తనను తాను చూసుకుంటాంది. ఎవరినీ తిట్టలేదు, ఒక్క రాయి వేయలేదు. "ఏమప్పా ఇదీ?" అని అడిగినోళ్ళకల్లా బీరలింగ ఆ చీటీ చూపిస్తాడు, 916 చూపిస్తాడు, నిమ్మళంగా లెక్క చెప్తాడు. అడిగినోళ్ళు పోయి ఇంట్లో నగలు తెచ్చుకుని వచ్చి నిలబడినారంట, మాదీ చూడప్పా అని. కొట్టాయనకు చెమటలు. "నీ డెబ్బై ఏడు వేలు ఇచ్చేస్తా, కమ్మలు ఇచ్చేయి, తోలుకో నాయనా గొర్లను!" దుడ్డు లెక్కపెట్టుకున్నాకనే ఈల వేసినాడు మనవాడు.

చీకటి పడే లోపల కొనాల. ఎదురు వీధిలో ఇంకో కొట్టు ఉంది. బిల్లుతో కొన్నా చేతిలో ఉండేది అటూ ఇటూగా సరిపోతుంది, వాడు దారిలోనే కూడేసినాడు. ఆదివారం కూడా ఓవర్‌టైమని పోయిన సిద్దమ్మ ఫ్యాక్టరీ నుంచి నేరుగా అక్కడికే వచ్చింది. ఎర్రిస్వామి బయట మందను కాస్తా, "బిరీన రాండి, మీ పొట్టేలు నా గొర్లను కుమ్ముతాంది" అని అరుస్తాండాడు. బీరలింగ చెప్పులు విడిచి, మెట్టు మీద కాలు పెట్టి, ముందు ఏమడగాలో నోట్లోనే చెప్పుకుంటాండాడంట: "రేటు తర్వాతన్నా. ముందు భూతద్దం ఇయ్యి."

కొన్నాడా లేదా అంటారా? నన్నేం అడుగుతారు, వాడు ఇంకా మెట్టు మీదనే ఉండాడు. లోపలికి పోనీండి, పిల్లోణ్ణి తొందరపెట్టద్దు, నంబరు చదువుకోవాల కదా.