భూలక్ష్మి వదిన బాగుచేసిన పంకా

అగో, మెట్ల కింద గా ఇనుపదాన్నా అడుగుతున్నవు? గుండ్రంగ, పక్కకు పిడి ఉన్నదా? అది కొలిమి పంకా బిడ్డా. పిడి తిప్పితె లోపల రెక్కలు గిర్రున తిరుగుతయ్, గొట్టంలకెళ్లి గాలి పోయి బొగ్గులను మండిస్తది. గంతే. పాతసామాన్లోడు రెండుసార్లు అడిగిండు, దాని మీద చెయ్యేస్తె ఊకోనని చెప్పిన. మా వదిన భూలక్ష్మి సొమ్ము అది. మా అన్న లింగమూర్తి పెండ్లాం. ఆమె పోయి ఇరవై ఏండ్లాయె. నువ్వు కిరాయికున్న గీ బిల్డింగు జాగల్నే మా కొలిమి ఉండె. గప్పుడు రాయదుర్గంల మెట్రో ఏడిది, ఆఫీసులు ఏడియి? గుట్టలు, జొన్న చేన్లు. నవ్వకు, నిజమే చెప్తున్న.

మా అన్న దీన్ని డెబ్బై ఒకటిల జుమ్మేరాత్ బజార్ల పాత ఇనుములకెళ్లి ఏరుకొచ్చిండు. అప్పటిదాక తోలు తిత్తి ఊదుడే. పొద్దంత ఊది ఊది వదిన భుజాలు పడిపోతుండె. పంకా ఒచ్చినంక ఊరంత సూడనీకె ఒచ్చింది. నేనప్పుడు సమ్మెట కొట్టేటోన్ని, ఇరవై రెండేండ్లు, నాకు తెల్వంది లేదనుకునే వయసు. బండి ఇరుసుకు కందెన పెడ్తం గద, ఆముదంల గడ్డి మసి కలిపి? ఎంత పెడితె అంత మంచిదని, ఎవ్వరు లేంది సూసి పంకా పండ్లచక్రాల నిండ గా కందెన కూరిన. రెండు దినాలు మస్తు తిరిగింది. ఇగ కొలిమి వేడికి, బొగ్గు దుమ్ముకు అది బంక లెక్క గట్టిపడ్డది. పిడి కదల్లే. పండ్లు విరిగినయనుకొని మా అన్న దాన్ని మూలకు నూకిండు. నేను చెప్పిన్నా? ఏం చెప్తా. మా అన్నకు మాట కంటె ముందు చెయ్యి లేస్తుండె.

డెబ్బై రెండుల వానల్లేవు. నాగండ్లు కదల్లే, కొలిమి మండలే. తిత్తి తోలు ఎండి పలిగింది, మిగిలింది ఎలుకలు కొట్టినయ్. మల్లొచ్చే ఏడు మిరుగు కార్తె వాన ఒక్కపెట్టున పడ్డది సూడు, తెల్లారెతల్లకు నలబై నాగండ్ల కర్రులు మా ముందర! అన్ని కాల్చి సాగగొట్టాలె. గాలి ఏడిది? కొత్త తోలు దొరికి తిత్తి కుట్టాలంటె వారం. పెద్ద రైతు సాయిలు ఉన్నదున్నట్టు చెప్పిండు, పొద్దుగూకేదాంక సూస్తం, కాకుంటె గచ్చిబౌలి కమ్మరి కాడికి పోతం, మట్టి పదును మాకోసం ఆగదు అని. ఆయన తప్పేం లేదు. గని మిరుగుల కర్రు కొట్టనోడు ఇగ ఏ మొఖం పెట్టుకొని కల్లం కాడికి కూలి గింజలకు పోతడు బిడ్డా? మా తాతల కాలంకెళ్లి ఊరి పని మాది. మా అన్న తల పట్టుకొని కూసున్నడు. గప్పుడు వదిన లేచింది. మూలకున్న పంకాను గుంజుకొచ్చి ముంగట పెట్టుకున్నది. "ముట్టకు, ఉన్న పండ్లు గూడ ఊడుతయ్" అని మా అన్న ఒర్లిండు. బోల్టులు ఇప్పింది, ఏది ముందు తీసిందో ఏది ఎనక తీసిందో వరుసగ పాత చీర మీద పెట్టింది. మూత తీసి వాసన సూసింది. ఆముదం! తలెత్తి నా దిక్కు సూసింది. బండ్లకు కందెన పెట్టేది నేనే గద. మల్ల తల వంచుకొని, వెదురుపుల్లతోని గీకింది, గ్యాసునూనెల, గదే కిరసనాయిల్ల, నానబెట్టింది, రెక్కలకు పట్టిన తుప్పు చింతపండు, బూడిద పెట్టి తోమింది. దర్జీ ఇంటికి పోయి కుట్టుమిషన్ నూనె సీస తెచ్చి, పన్నుకొక చుక్క, గంతే. బిగించి తిప్పితె, సప్పుడే లేదు బిడ్డా. ఒట్టి గాలి. ఒక్క పన్ను గూడ ఇరగలేదు. మరి ఏమైంది దీనికి అని అడిగిండు మా అన్న. "ఏంగాలే. ఎక్కువ తిన్నది, అరగలే" అన్నది.

పొద్దుగూకేవరకు నలబై కర్రులు ఒడిసినయ్. ఒక్కటి గూడ ఊరు దాటలే. ఎవరు బాగుచేసిండ్రని సాయిలు అడిగితె, మా అన్న, ఆడోళ్లను ఎన్నడు మెచ్చనోడు, అందరి ముందర మా ఇంటామె అన్నడు. నేను సమ్మెట పట్టుకొని సిగ్గుతోని సచ్చిపోతున్న. గప్పుడు వదిన దగ్గరికొచ్చి గా నూనె సీస నా చేతుల పెట్టింది. "ఇగ నూనె పోసే పని మరిదిది" అన్నది. మా అన్న నవ్విండు, వానికేం తెలుసని. "వానికి తెలిసినంత ఈ ఊళ్లె ఎవ్వరికి తెల్వదు" అన్నది.

కొలిమి బంద్ అయ్యేదాంక నేనే పోసిన. మా అన్నకు ఎన్నడు చెప్పలే ఆమె... ఎన్నడు... ఊఁ. జర లేచి గా నీళ్ల మోటరు బంద్ చెయ్యిపో బిడ్డా, ట్యాంకు నిండి పారుతున్నట్టుంది.