పెంచలయ్య కారులో పాట

మాలకొండయ్యకి కారుంది. బాడిగ కారు. ఇది జరిగిన రోజుల్లో వేములపాడు మొత్తం మీద బాడిగ కార్లు రెండే, ఒకటి ఇతనిది, ఇంకోటి పెంచలయ్యది. ఈ పెంచలయ్య ఎవరనుకున్నారు? మాలకొండయ్య పెళ్లాం కామాక్షికి సొంత మేనత్త కొడుకు. ఒకప్పుడు ఆ పిల్లని ఈయనకే ఇయ్యాలనుకున్నారంట, మరి జాతకాలు కుదరలేదో మాటలు కుదరలేదో, అది ఆగిపోయి ఆమెని మాలకొండయ్యకిచ్చారు. ఆయనకీ వేరే సంబంధం చేశారు, పిల్లలు గూడా పుట్టారు, ఎవరి సంసారం వాళ్లది. అయినా గానీ మాలకొండయ్యకి కడుపులో ఒక మూల మండతానే ఉంటది. ఎందుకంటావా, కామాక్షి మొగుణ్ణి పిలవాలంటే "ఇదిగో" అంటది. పెంచలయ్య వీధిలో కనపడితే మాత్రం "ఏం బావా, బాగుండావా" అంటది. వరసకి బావే గదా, ఇంకేమంటది? ఆ మాట మనకి తెలుసు, మాలకొండయ్యకి తెలుసు, ఆయన కడుపుకి తెలవదు. నవ్వబాకండి, మీ ఇళ్లల్లో లేనట్టు.

సరే, ఏమైందంటే, పెంచలయ్య కారులో పాట బాగుంటదని ఊళ్లో పేరు పడింది. అట్టా ఇట్టా కాదు, పాడే మనిషి మన పక్క సీట్లో కూర్చుని పాడతా ఉన్నట్టు ఉంటదంట. మాట మాట తెలుస్తది, ఊపిరి తీసుకుంటే అది గూడా వినపడతది. పెళ్లిళ్లోళ్లు వచ్చి "పెంచలయ్య కారు ఖాళీయేనా" అని ముందు అడిగేది. ఆయనకి ఖాళీ లేదంటే అప్పుడు మాలకొండయ్య గడప తొక్కేది. పెళ్లికూతురూ పెళ్లికొడుకూ పెంచలయ్య కారులో, ముసిలోళ్లూ వంటసామానూ మాలకొండయ్య కారులో. ఎంతకాలం ఓర్చుకుంటాడు? ఒకరోజు కామాక్షి గూడా ఎవరింటికో పసుపుకుంకాలకి పోయి పెంచలయ్య కారులోనే దిగింది. దిగిన మనిషి ఊరికే ఉండకుండా పాట కూనిరాగం తీసుకుంటా ఇంట్లోకి పోయిందంట. అరుగు మీద కూర్చోనున్న మాలకొండయ్య చూశాడు. ఇన్నేళ్లలో నా కారు దిగి ఈ మనిషి ఎప్పుడన్నా పాట పాడిందా అనుకున్నాడు. అంతే, ఆ పూట అన్నం సయించలా.

పొద్దన్నే కందుకూరు పోయాడంట. కార్లకి పాటల సెట్లు బిగించే కొట్టు ఒకటుంటే, అందులోకి పోయి "ఊళ్లో ఇంకెవరి కారులోనూ లేనంత పాట నా కారులో రావాల" అన్నాడు. కొట్టోడికి ఇంకేం కావాల, కళ్లు మెరిసినయి. వెనకద్దం కింద పలక కోసి పళ్లేలంత స్పీకర్లు రెండు పెట్టాడు. డిక్కీలో ఇంత పెట్టె, దానికి గూబలు అదిరే బేసు. దాని మీద యాంప్లిఫయరు. బిగించేటప్పుడు మాలకొండయ్య పక్కనే నిలబడి అన్నీ అడుగుతా ఉన్నాడు. "ఈ రెండు వైర్లు కలిపేటప్పుడు చూసుకోవాలన్నా, ఒక పక్క స్పీకరుకి ఇటుది అటు, అటుది ఇటు తగిలించామనుకో, రెండు స్పీకర్లూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి, పాట నూతిలో నుంచి వచ్చినట్టుంటది" అని కొట్టోడు మాటవరసకి చెప్పాడంట. మాలకొండయ్య ఊఁ అన్నాడు. ఆ మాట లోపలికి పోయి ఆడే ఉండిపోయింది.

కారు ఊళ్లోకి వచ్చింది. వచ్చిందంటే, మనిషి కనపడకముందే కారు వినపడింది. గుబ్బు గుబ్బు గుబ్బు. కోళ్లు బెదిరి గోడలెక్కినయి. డిక్కీ మూత దడదడ, నంబరు రేకు గలగల, తలుపులు కిరకిర, ఇన్ని సందళ్ల మధ్యన పాడే ఆయన ఏం పాడతా ఉండాడో ఆయనకే తెలియాల. ఆ వారమే పెళ్లివాళ్లెవరో ముచ్చటపడి ఈ కారే మాట్లాడుకున్నారు. పెళ్లికొడుకు నాయనమ్మ వెనక సీట్లో కూర్చుంది, ఊరు దాటకముందే "ఒరే అబ్బయా, నా గుండెకాయ ఎవరో లోపల్నించి దంచతన్నారు, నన్ను దించండ్రా, నడిచొస్తా" అని గోల పెట్టి దిగిపోయింది. ఆ ముసలామె వెనక పెంచలయ్య కారు వస్తా ఉంటే అందులో ఎక్కి, హాయిగా వెనక్కి వాలి, కునుకు తీసిందంట! ఇంక చూసుకో మాలకొండయ్య మొహం.

ఇంటికొచ్చి పెళ్లాంతో "ఎట్టుంది నా సెట్టు" అని అడిగాడా? అడగలా. అడిగితే ఏమంటదో అని భయం. కామాక్షి గూడా తనంతట తాను ఏమీ అనలా, అడక్కుండా చెప్పే మనిషి కాదామె. ఈ కామాక్షి ఎవరి కూతురో మీకు చెప్పలేదు గదూ, మైకుసెట్టు రోశయ్య కూతురు. మా వైపు ఏ పెళ్లి జరిగినా, ఏ తిరణాల జరిగినా రోశయ్య మైకు గొట్టాలే కట్టేది. ఈమె చిన్నపిల్లప్పుడు పందిట్లో ఆ చివరాకరున నిలబడి, సౌండు తగ్గించమనో పెంచమనో నాయనకి చెయ్యి ఊపి చెప్పేదంట. ఆ పిల్ల చెయ్యి దించేదాకా రోశయ్య మైకు వేరే వాళ్ల చేతికిచ్చేవాడు కాదు. చెవి అట్టాంటిది. మాలకొండయ్యకి ఇదంతా తెలుసు. తెలిసీ "గొట్టాలోళ్ల పిల్ల" అని ఎగతాళి చేసేవాడు గానీ, ఒక మాట అడుగుదామని ఏనాడూ తోచలా.

ఇట్టా ఉండగా పక్క ఊళ్లో పెద్ద పెళ్లి. రెండు కార్లూ మాట్లాడారు, మామూలే, జంట పెంచలయ్య కారులో, ముసిలోళ్లు ఇతని కారులో. మధ్యాన్నం అందరూ బంతిలో కూర్చున్నారు. పెంచలయ్య గూడా కారు వేపచెట్టు నీడన పెట్టి, అద్దాలు దించి భోజనానికి పోయాడు. మాలకొండయ్యకి ఆకలి లేదు. కార్లకాడే నిలబడి ఉండాడు. చుట్టూ చూశాడు, ఎవరూ లేరు. అద్దంలోంచి చెయ్యి పెట్టి తలుపు తీశాడు, స్క్రూడ్రైవరు తీశాడు, తలుపులో ఉన్న స్పీకరు ఊడదీశాడు. వైర్లు ఇటుది అటు, అటుది ఇటు. మళ్లీ బిగించేశాడు. చేసి, పోయి బంతిలో కూర్చుని, నెయ్యి మళ్లీ మళ్లీ పోయించుకుని తిన్నాడంట చూడు!

సాయంత్రం జంటని ఎక్కించుకుని పెంచలయ్య పాట పెట్టాడు. ఏదీ పాట? గొంతు సన్నబడిపోయింది, తబలా చచ్చిపోయింది, పాడే మనిషి యాడుండాడో తెలవటంలా, ముందుండాడా వెనకుండాడా, కారు బయటుండాడా. పెళ్లికొడుకు "ఏందిది పెంచలయ్యా, నీ కారని ఏరికోరి మాట్లాడుకున్నాం" అన్నాడు. పెంచలయ్యకి తల కొట్టేసినట్టయింది. ఆపేసి, మూగబండి లాగా పోనిచ్చాడు. వెనకాల మాలకొండయ్య ముసిలోళ్లని ఎక్కించుకుని గుబ్బు గుబ్బుమంటా వస్తా ఉండాడు. కడుపులో చల్లగా ఉందంట ఆయనకి. ఆ రాత్రి కమ్మగా నిద్రపోయాడు.

తెల్లారింది. మాలకొండయ్య అరుగు మీద కాఫీ తాగతా ఉంటే పెంచలయ్య కారు వచ్చి వాకిట్లో ఆగింది. "అన్నా, కామాక్షి ఉందా" అన్నాడు. మాలకొండయ్య కాఫీ గ్లాసు అరుగు మీద పెట్టేశాడు. ఈయన పలకకముందే కామాక్షి బయటికొచ్చింది. పెంచలయ్య "మే కామాక్షీ, పాట పోయిందిమే. నువ్వు కుదిర్చిచ్చిన పాటే గదా, నువ్వే వచ్చి ఒకసారి విను" అన్నాడు.

నువ్వు కుదిర్చిచ్చిన పాట! మాలకొండయ్య ఇటు చూశాడు, అటు చూశాడు. "ఎప్పుడు కుదిర్చావే" అన్నాడు. "నువ్వు తిరపతి బాడిగ పోయినప్పుడు. బావ వచ్చి అడిగాడు, వాళ్ల ఆవిడ గూడా వచ్చింది, ముగ్గురం కూర్చుని చేశాం" అనింది, ఏదో పప్పు రుబ్బిన మాట చెప్పినట్టు. చెప్పి పోయి కారులో కూర్చుంది. ఇప్పుడు చూడు ఆయన గతి. పాట పాడుచేస్తే పెంచలయ్య పీడ పోద్దనుకున్నాడు. పాడుచెయ్యబట్టే పెంచలయ్య వాకిట్లోకి వచ్చాడు, పెళ్లాం పోయి వాడి కారులో కూర్చుంది. ఎవరు చేసుకుందిది? తనే. నోరు తెరిచి అనడానికి లేదు, ఊరుకోడానికి లేదు. స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

ఆమె పాట పెట్టించి ఎడమ పక్కకి వంగి వినింది, కుడి పక్కకి వంగి వినింది. "ఒక్కోటి ఒక్కోటిగా బాగానే ఉంది బావా, రెండూ కలిస్తేనే పోతా ఉంది" అనింది. తలుపు స్పీకరు ఊడదీయించింది. తలుపు లోపల రేకుకి తారుషీటు ముక్కలు వరసగా అతికించి ఉండాయి, స్పీకరు చుట్టూ స్పాంజి పట్టీ. అదంతా ఆమె చెప్పి చేయించిందే. ఖాళీ రేకు తలుపు నూనెడబ్బా లాగా మోగకుండా, పాట ఒకటే బయటికి రావాలని. వైర్లు చేతిలోకి తీసుకుని చూసింది. పెంచలయ్య "ఎలకలేమన్నా కొరికినయా" అన్నాడు. "ఎలకలు కొరుకుతాయి గానీ తిరగేసి బిగించవు బావా" అనింది.

అని తల ఎత్తి మొగుడి వైపు చూసింది. ఒక్క చూపు.

పెంచలయ్యకి కోపం నషాళానికెక్కింది. "తెలిసిందిమే, ఆ పెళ్లికి వచ్చిన బస్సు డ్రైవరు! బండి అడ్డం తియ్యమని నాతో పోట్లాడాడు, వాడే చేశాడు, వాడు ఇప్పుడు కందుకూరులోనే ఉంటాడు" అని డిక్కీలో జాకీ రాడ్డు తీసి ముందు సీట్లో పడేసి స్టీరింగు ముందు కూర్చున్నాడు. కామాక్షి దిగి పక్కన నిలబడింది. వద్దనలా, పొమ్మనలా. మాలకొండయ్య మొహమే చూస్తా ఉంది. ఇంజను స్టార్టయింది. ఎవరో పాపం, సంబంధం లేని మనిషి, తల పగిలేట్టుంది. కారు వాకిలి దాటబోతా ఉంటే మాలకొండయ్య ఉరికి ముందు నిలబడ్డాడంట. "దిగు పెంచలయ్యా. నేనే."

"నువ్వా? ఎందుకన్నా" అన్నాడు పెంచలయ్య. కోపం గూడా రాలేదాయనకి, అర్థం కాలా. మాలకొండయ్య ఏం చెబుతాడు? "నీ కారెక్కినోళ్లు నవ్వతా దిగతారు. ఈమె గూడా పాడుకుంటా దిగింది. నా కారు దిగి ఎప్పుడూ పాడలా" అన్నాడు. పెంచలయ్య దిగి, రాడ్డు మళ్లీ డిక్కీలో పడేసి, వైర్లు సరిగా తగిలించుకుని పోయాడు. చానాళ్లు ఎదురుపడినా పలకలా. పలకకపోవడం న్యాయమే.

ఇంట్లో కామాక్షి తిట్టలా, ఏడవలా. అన్నం పెట్టింది. ఆ ఊరుకోడం ఉంది చూడు, దానికన్నా నాలుగు తిట్లు తినడం మేలు. చివరికి మాలకొండయ్యే ఉండబట్టలేక "వాడి కారుకి నువ్వెందుకు చేశావే, నా కారు ఆడే ఉంది గదా" అన్నాడు. "బావ అడిగాడు. నువ్వడిగావా" అనింది. "నా పెళ్లయిన కాడినుంచి నువ్వు అన్నీ కొనుక్కొచ్చావు. వినమని ఒక్కసారి పిలిచావా నన్ను? గొట్టాలోళ్ల పిల్ల అంటివి. మా నాయన బతికుంటే ఆ డిక్కీలో పెట్టె చూసి కళ్లనీళ్లు పెట్టుకునేవాడు."

మర్నాడు మాలకొండయ్య కారు వాకిట్లోకి తెచ్చి, తలుపు తీసి పట్టుకుని, "కామాక్షీ, వచ్చి వినవే" అన్నాడు. పేరు పెట్టి పిలవడం గూడా అదే మొదలంట. ఆమె చేతులు కొంగుకి తుడుచుకుని వచ్చింది. ముందు ఆ బేసు పెట్టె తీయించేసింది. పళ్లేల స్పీకర్లు పీకించి, తలుపుల్లో చిన్నవి పెట్టించింది. తారుషీటు కోసి తలుపుల్లో అతికించడం మాలకొండయ్యే చేశాడు, చేతులు నల్లగా మసి చేసుకుని. నంబరు రేకు కింద రబ్బరు ముక్క పెట్టించింది, వదులైన ప్రతి స్క్రూ బిగింపించింది. అప్పుడు ముందు సీట్లో కూర్చుని, మీట కాస్త తిప్పి, "ఇంక పెట్టు" అనింది. పాట వచ్చింది. పెద్దగా ఏమీ కాదు, ఈడ కూర్చుని ఆడ వినపడేంత. మాలకొండయ్య స్టీరింగు పట్టుకుని కూర్చున్నోడు కూర్చున్నట్టే ఉన్నాడంట. "నేను ఇన్నాళ్లూ ఏం విన్నానే" అన్నాడు.

పెంచలయ్యతో మాట కలవడానికి మాత్రం ఇంకో పెళ్లి సీజను పట్టింది. ఒక పెళ్లివాళ్లు వచ్చి జంటకి మాలకొండయ్య కారే కావాలంటే, "పెంచలయ్యని అడగండి, ఆయన జంటని తీసుకుంటాడు, నేను ముసిలోళ్లని తెస్తా" అన్నాడంట. ఆ మాట ఈ చెవినా ఆ చెవినా పడి పెంచలయ్యకి చేరింది. ఆ పెళ్లిలో భోజనాలకాడ వచ్చి పక్కన కూర్చున్నాడు. "కూర బాగుందన్నా, వేయించుకో" అన్నాడు. అంతే, అయిపోయింది.

నేను మొన్నొకసారి మాలకొండయ్య కారులోనే ఆస్పత్రికి పోయొచ్చా. పాట కమ్మగా ఉంది. "ఏం మాలకొండయ్యా, ఇప్పుడన్నా కడుపులో మంట పోయిందా" అన్నా. "పోయిందక్కా, పెంచలయ్యంటే నాకేం లేదు, మంచోడు" అన్నాడు. కాస్త దూరం పోయాక తనే మళ్లీ ఎత్తుకున్నాడు. "కాకపోతే అక్కా, కామాక్షి వాడి కారులో పాట వినేటప్పుడు కళ్లు మూసుకుంటదంట, వాడి పెళ్లామే చెప్పింది. నా కారులో తెరుచుకునే వింటది. అదేందో అర్థం కాలా" అన్నాడు. "నీ డ్రైవింగు చూసి భయమేమోరా, రోడ్డు చూడు ముందు" అన్నాను నేను.